పడవని కట్టారా, లేదా? ద్రవ్యవేగం మీద ఒక కేస్ స్టడీ

గంజాం జిల్లా ఛత్రపురంలో ప్లస్ టూ సైన్స్ పిల్లలకి పదిహేడేళ్ళుగా ఫిజిక్స్ ట్యూషన్ చెప్తున్నాను. నా దగ్గరకి వచ్చేవాళ్ళలో చాలామంది ఇళ్ళలో తెలుగే మాట్లాడతారు. అమ్మతో తెలుగు, పదో తరగతి దాకా బడిలో ఒడియా, ప్లస్ టూలో అడుగు పెట్టగానే పుస్తకం ఇంగ్లీషు. వాళ్ళలో ఒక అబ్బాయికి ద్రవ్యవేగ నిత్యత్వ నియమం దగ్గర చిక్కు పడింది. ద్రవ్యవేగం అంటే ఇంగ్లీషులో మొమెంటం, వస్తువు బరువుని వేగంతో గుణిస్తే వచ్చేది; వస్తువులు తమలో తాము ఢీకొన్నా, తోసుకున్నా దాని మొత్తం మారదన్నదే ఆ నియమం. ఆ చిక్కు ఎక్కడుందో తెలుసుకోవడానికి నాకు నెలన్నర పట్టింది. అందులో అబ్బాయి తప్పు కొంత, నా తప్పు ఎక్కువ. ఫిజిక్స్ చెప్పే తోటి మాస్టార్లకి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను. అబ్బాయి పేరు, ఊరి పేరు రాయడం లేదు.

పేపర్లో కనిపించింది

అబ్బాయికి పదహారేళ్ళు. ఇల్లు ఋషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గర. తండ్రి చేపల వేటకి వెళ్తారు. క్లాసులో ముందు బెంచీలో కూర్చుంటాడు, నోట్సు పొందిగ్గా రాసుకుంటాడు, నోరు మాత్రం విప్పడు. డిసెంబరులో ఈ పాఠం అయ్యాక ఒక చిన్న టెస్టు పెట్టాను. అందులో మూడు లెక్కల దగ్గర వీడి పేపరు నన్ను ఆపేసింది.

మొదటిది గోడ లెక్క. 150 గ్రాముల క్రికెట్ బంతి సెకనుకి 20 మీటర్ల వేగంతో గోడకి తగిలి, అంతే వేగంతో వెనక్కి వచ్చింది. ద్రవ్యవేగంలో మార్పు ఎంత? వీడి జవాబు సున్నా. ముందు 3, తర్వాత 3, తేడా లేదు అని రాశాడు. రెండోది, 2 కిలోల బండి సెకనుకి 3 మీటర్ల వేగంతో వెళ్ళి, కదలకుండా ఉన్న 1 కిలో బండికి తగిలి అతుక్కుపోయింది. రెండిటి ఉమ్మడి వేగం 2 రావాలి. వీడికి 2.45 వచ్చింది. గతిజ శక్తి, అంటే కదలిక వల్ల వస్తువుకి ఉండే శక్తి, ముందూ వెనకా సమానమని వేసి చేశాడు, గుణకారాల్లో ఒక్క పొరపాటు లేదు.

మూడోది పడవ లెక్క. 50 కిలోల కుర్రాడు 150 కిలోల పడవ మీంచి సెకనుకి 1.5 మీటర్ల వేగంతో ఒడ్డు వైపు దూకాడు, పడవ ఎంత వేగంతో ఎటు వెళ్తుంది? మొత్తం పేపర్లో అన్నిటికంటే తేలిక లెక్క అది. వీడు ఖాళీగా వదిలేశాడు.

నేను అందరి ముందూ అన్నాను: "మొగ ఒడ్డున పుట్టినవాడివి, పడవ లెక్క కూడా రాయలేకపోయావా?" తల వంచుకున్నాడు. ఆ మాట అనకుండా ఉండాల్సింది. అంతకంటే ముఖ్యం, అది మందలింపుగా కాకుండా నిజంగా ప్రశ్నలా అడిగి ఉంటే నెల రోజులు కలిసొచ్చేవి.

భాష అనుకున్నాను

నా మొదటి అంచనా భాష మీదకి పోయింది. ఊరికే పోలేదు. ద్రవ్యవేగాన్ని ఒడియాలో సంబేగ అంటారు. నిత్యత్వ నియమాన్ని సంరక్షణ నియమం అంటారు. మన తెలుగులో సంరక్షణ అంటే పిల్లల సంరక్షణ, ముసలివాళ్ళ సంరక్షణ. విడిగా కూర్చోబెట్టి అడిగితే వీడు చెప్పింది కూడా అదే: "దాన్ని పోకుండా ఏదో కాపాడతాది అనుకున్నాను సార్." పోనీ తెలుగు మాట చెప్దామంటే నిత్యత్వం అనేది పురాణం వింటున్నట్టు ఉంటుంది, ఎప్పటికీ నశించనిది ఏదో ఉందన్నట్టు. ద్రవ్యవేగం అన్న మాటతో ఇంకో ఇబ్బంది. చివర్లో వేగం ఉంది కాబట్టి అదో రకం వేగమని పిల్లలు అనుకుంటారు.

గిడుగు రామమూర్తి పంతులు గారు చాలా ఏళ్ళు మాస్టారుగా పనిచేసిన పర్లాకిమిడి ఇప్పుడు మా పక్క గజపతి జిల్లాలోనే ఉంది. జనం మాట్లాడే మాటల్లోనే చదువు చెప్పాలని ఆయన పట్టుబట్టిన సంగతి నాకు ఈ పాఠం చెప్పేటప్పుడు ప్రతిసారీ గుర్తొస్తుంది. అందుకని వీడికి సంరక్షణా వద్దు, నిత్యత్వమూ వద్దు, "మొత్తం మారదు" అని చెప్పడం మొదలుపెట్టాను. కదిలే వస్తువు ఎంత బరువుగా ఉంది, ఎంత వేగంగా పోతోంది, ఎటు పోతోంది, ఈ మూడూ కలిస్తే ద్రవ్యవేగం. అన్నీ కూడితే వచ్చే మొత్తం మారదు.

దీంతో గోడ లెక్క దారిలో పడింది. ఒడ్డు వైపు ప్లస్, సముద్రం వైపు మైనస్ అని పెట్టుకున్నాం. బంతి ప్లస్ 3తో వెళ్ళి మైనస్ 3తో వచ్చింది, మార్పు 6. ఇక్కడ వీడి తప్పుని నేను తక్కువగా చూడను, ఎందుకంటే ఫ్రెంచి తత్వవేత్త రెనె డెకార్ట్ అంతటివాడు 1644లో అచ్చయిన తన గ్రంథంలో చేసింది ఇదే. ప్రపంచంలో మొత్తం చలన పరిమాణం మారదు అన్న గొప్ప ఆలోచన ఆయనదే. కానీ వస్తువు ఎంత పెద్దదో దాన్ని వేగంతో గుణించి ఊరుకున్నాడు, దిక్కుని లెక్కలోకి తీసుకోలేదు. అందుకే ఢీకొనడాల గురించి ఆయన రాసిన నియమాలు చాలావరకు తప్పాయి. 1668లో లండన్ రాయల్ సొసైటీ ఈ సంగతి తేల్చమని అడిగితే వాలిస్, రెన్, హైగెన్స్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు జవాబులు పంపారు. దిక్కుతో కలిపి కూడితేనే మొత్తం మారదని అప్పుడు తేటపడింది. ఈ కథ చెప్పాక వీడు మొదటిసారి క్లాసులో నవ్వాడు.

అయినా పడవ లెక్క అలాగే ఉంది. ఇంకో లెక్క ఇస్తే చేస్తున్నాడు. పడవ మాట వస్తే పెన్ను ఆగిపోతోంది.

వాడి జవాబు

జనవరి రెండో వారంలో, అందరూ వెళ్ళాక, పాత పేపరు తీసి ముందు పెట్టి మెల్లగా అడిగాను. "నాన్నా, ఇది నీకు రాక వదిలేశావా, ఇంకేమైనా ఉందా?"

కాసేపు పేపరు వైపు చూసి అన్నాడు: "పడవని కట్టారా, లేదా రాయలేదు సార్. కట్టేసి ఉంటే కదలదు. కట్టకపోతే వెనక్కి పోద్ది. అందుకే మా నాన్న దిగేటప్పుడు ఒకలు తాడు పట్టుకుంటారు."

నాకు నోట మాట రాలేదు. పదిహేడేళ్ళలో ఎన్ని వందల మందికి ఈ లెక్క ఇచ్చానో. ఒక్కరూ ఈ ప్రశ్న అడగలేదు, నాకూ తోచలేదు. వాళ్ళంతా కుర్రాడి ద్రవ్యవేగం 75, కాబట్టి పడవది మైనస్ 75, 150తో భాగిస్తే సెకనుకి అర మీటరు వెనక్కి అని రాసి మార్కులు తీసుకున్నారు. వీడు లెక్కలో అసలు ఉండాల్సిన షరతు లేదని ఆగిపోయాడు. నేను సున్నా వేశాను.

పుస్తకంలో ఆ షరతు ఉంది, బాహ్య బలం లేనప్పుడు అని. పిల్లలు దాన్ని సంకల్పం చెప్పుకున్నట్టు ముందు ఒక లైను రాసేసి లెక్కలోకి దిగిపోతారు. బాహ్యం అంటే దేనికి బయట? ఆ ప్రశ్న ఎవరూ వేయరు. న్యూటన్ 1687లో తన ప్రిన్సిపియా గ్రంథంలో గతి నియమాల తర్వాత మూడో ఉపసిద్ధాంతంగా దీన్ని చెప్పాడు: ఒక దిక్కు చలనాలు కూడి, ఎదురు దిక్కువి తీసేస్తే వచ్చే మొత్తం, వస్తువులు తమలో తాము ఎంత తోసుకున్నా మారదు. ఈ "తమలో తాము" అన్నది పోతే మిగిలినదంతా పొల్లు. ఎవరెవరు ఆ తమలో ఉన్నారో ముందు తేల్చుకోవాలి.

దానికి నాకు తోచిన తెలుగు మాట గిరి, అంటే చుట్టూ గీసిన హద్దు. ముందు గిరి గీయి. గిరి లోపల ఎవరున్నారో రాయి. గిరి దాటి లోపలివాళ్ళని ఎవరైనా తోస్తున్నారా, లాగుతున్నారా చూడు. లేకపోతేనే మొత్తం మారదు. గిరిలో కుర్రాడూ పడవా ఉండి, తాడు ఒడ్డున గుంజకి కట్టి ఉంటే, తాడు గిరి దాటి లాగుతోంది. అప్పుడు లెక్క చెల్లదు. గిరిని ఇంకా పెద్దగా గీసి గుంజని, దానితో భూమిని లోపలికి తెచ్చుకుంటే మళ్ళీ చెల్లుతుంది.

ఇది చెప్తుండగానే వీడు ఇంకోటి అడిగాడు. "మరి బంతి ఇసకలో పడి ఆగిపోతే ద్రవ్యవేగం పోయినట్టే కదా సార్? మీరు ఘర్షణ వల్ల పోయిందన్నారు."

అవును, అన్నాను. ఏళ్ళ తరబడి అంటూనే ఉన్నాను. చిన్న బండ్లతో క్లాసులో ప్రయోగం చేసి చూపిస్తే మొత్తం ఎప్పుడూ కొంచెం తక్కువే వచ్చేది. ఘర్షణ వల్ల పోయిందిలే అని బోర్డు తుడిచేసేవాణ్ణి. ఆ మాట తప్పు. ఘర్షణకి ద్రవ్యవేగాన్ని చంపే శక్తి లేదు. ఒకరి దగ్గర తీసి ఇంకొకరికి ఇస్తుంది, అంతే. బండి పోగొట్టుకున్నది బల్లకి చేరింది, బల్ల నుంచి నేలకి. గతిజ శక్తి అయితే వేడిగా మారి కంటికి కనిపించకుండా పోతుంది, ద్రవ్యవేగానికి అలా ఇంకో రూపం లేదు. రెండిటికీ ఒకే మాట, పోయింది అని వాడి, పిల్లల బుర్రల్లో రెండిటినీ నేనే కలిపేశాను. రెండో లెక్కలో వీడు గతిజ శక్తిని సమానం చేయడానికి కూడా ఇదే కారణమని ఇప్పుడు అనిపిస్తోంది.

మొగ దగ్గర

మాటలతో ఆపకుండా పడవ మీదే చూద్దామనుకున్నాం. కాలం కలిసొచ్చింది. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళ కోసం ఋషికుల్య మొగ చుట్టూ 20 కిలోమీటర్ల సముద్రంలో నవంబర్ 1 నుంచి మే 31 దాకా వేట నిషేధం. పడవలు ఒడ్డునే ఉంటాయి, చేతిలో డబ్బు ఆడక ఇళ్ళలో టెన్షన్ కూడా ఉంటుంది. అయినా వాళ్ళ నాన్న కాదనలేదు. "పోటు ఎక్కీసి నీరు నిలబడ్డాక రండి మాస్టారూ, అప్పుడైతే పడవ తనంతట తాను పోదు," అన్నారు. ఆటు, పోటు రెండూ గిరి బయటి తోపులే. నాకు చెప్పాల్సిన పని లేకుండా ఆయనే వాటిని తీసేశారు.

ఆదివారం సాయంత్రం. మోటారు తీసేసిన చిన్న ఫైబర్ పడవ, మోకాలి లోతు దాటిన నీళ్ళలో తేలుతోంది. గాలి లేదు. పడవ పక్కన బురదలో ఒక వెదురు గెడ గుచ్చాం, అది కదలని గుర్తు. పడవ అంచు మీద సుద్దతో గీతలు పెట్టాను. అబ్బాయి బరువు బియ్యం కొట్లో కాటా మీద 48 కిలోలు తూగింది. పడవలో అడ్డం లేకుండా నడవగలిగిన నిడివి టేపుతో కొలిస్తే 3 మీటర్లు. తాడు విప్పేశాం. లుంగీ ఎగ్గట్టి గెడ దగ్గర నీళ్ళలో నిలబడ్డాను. వీడు సముద్రం వైపు కొస నుంచి ఒడ్డు వైపు కొసకి నడవాలి.

నడిచాడు. పడవ కిందనుంచి జారుకుంటూ సముద్రం వైపు పోయింది. వీడు ఆగాడు, పడవా ఆగింది. నేను టేపు సర్దుకుని కొలిచేసరికి అర మీటరే వచ్చింది. మళ్ళీ చేస్తే ఇంకో అంకె. మూడోసారి ఒడ్డు మీంచి వాళ్ళ నాన్న కేక వేశారు: "ఆగీసినప్పుడే చూడాలి మాస్టారూ! తర్వాత మళ్ళీ వచ్చీస్తాది."

ఈసారి గెడ మీదే కళ్ళు పెట్టాను. వీడు ఆగిన క్షణానికి గీత 66 సెంటీమీటర్లు జరిగి ఉంది. ఆ తర్వాత, వీడు కదలకుండా నిలబడే ఉన్నాడు, గీత చీమ నడిచినట్టు వెనక్కి రావడం మొదలుపెట్టింది. పది పదిహేను సెకన్లలో జానెడు వెనక్కి వచ్చింది. నీటి వాలు అనుకున్నాను. అయితే అదీ చూద్దామని వీణ్ణి ఎదురు దిక్కున నడవమన్నాను, ఒడ్డు నుంచి సముద్రం వైపుకి. ఈసారి పడవ ఒడ్డు వైపు జరిగింది, ఆగింది, తర్వాత మెల్లగా సముద్రం వైపు తిరిగొచ్చింది. వాలు అయితే రెండుసార్లూ ఒకే వైపు పోవాలి. ఇది వాలు కాదు.

"నీరు ఊరుకోదు కదా," అన్నారు వాళ్ళ నాన్న. ఆ మాట పట్టుకుని మేమిద్దరం ఒడ్డున కూర్చుని ఇసకలో గిరులు గీశాం. మొదటి గిరిలో అబ్బాయి, పడవ. వీడు ఒడ్డు వైపు నడుస్తున్నంతసేపూ పడవ సముద్రం వైపు జారుతోంది. జారే పడవని నీరు అడ్డుకుంటుంది, అంటే ఒడ్డు వైపు తోస్తుంది. ఆ తోపు చిన్నదే గానీ నడిచినంతసేపూ ఉంది, గిరి బయటి నుంచి వస్తోంది. కాబట్టి వీడు ఆగేసరికి ఇద్దరి మొత్తం సున్నాగా లేదు, ఒడ్డు వైపు కొంచెం మిగిలింది. ఆ మిగిలినదే పడవని వీడితో సహా వెనక్కి తెచ్చింది. మరి ఆ కొంచెం ఎక్కడిది? "నీటిది సార్. నీరు అటు పోయుంటాది," అని సముద్రం వైపు చెయ్యి చూపించాడు. రెండో గిరి వాడే గీశాడు, అబ్బాయి, పడవ, నీరు. మొత్తం సున్నా.

ఇంత చక్కటి సంగతి నా పుస్తకాల్లో నాకు తారసపడలేదు. అక్కడి వాళ్ళకి రోజూ కనిపించేదే.

తర్వాత 66 సెంటీమీటర్లతో ఇంకో పని చేయించాను. పడవ బరువు ఎంతో మాకెవరికీ తెలీదు. నడుస్తున్నంతసేపూ ఇద్దరి ద్రవ్యవేగాలు ఎదురెదురుగా సమానం కాబట్టి, బరువుని జరిగిన దూరంతో గుణిస్తే రెండు వైపులా ఒకటే రావాలి. వీడు పడవలో 3 మీటర్లు నడిచినా గెడ నుంచి చూస్తే 2.34 మీటర్లే ముందుకి వచ్చాడు. 48ని 2.34తో గుణించి 0.66తో భాగిస్తే 170 కిలోలు. నీటి తోపు వల్ల పడవ రావాల్సిన దానికంటే కాస్త తక్కువ జరిగింది కాబట్టి అసలు బరువు ఇంకొంచెం తక్కువే ఉండాలి, అది వాడే చెప్పాడు. కాటా లేకుండా పడవని తూచామని వాళ్ళ నాన్నకి చెప్తే ఆయన ఆశ్చర్యపోలేదు. "ఇద్దరికి లేవదు, నలుగురికి లేస్తాది. సరిపోయింది," అన్నారు.

తర్వాత

ఇసక ప్రశ్నకి జవాబు వాడే రాసుకొచ్చాడు. పడవ, అందులో నాన్న, కలిపి 240 కిలోలు, సెకనుకి 2.5 మీటర్ల వేగంతో వచ్చి ఇసకలో దిగబడి ఆగింది. 600 ద్రవ్యవేగం భూమికి చేరింది. భూమి బరువు 6 పక్కన 24 సున్నాలు పెట్టినన్ని కిలోలు. భాగిస్తే వచ్చే వేగం రాయాలంటే దశాంశ బిందువు తర్వాత 21 సున్నాలు పెట్టి ఆపైన 1 వేయాలి. ఆ సున్నాలన్నీ వరసగా రాసి, కింద "కదిలింది, కానీ కనపడదు" అని తెలుగులో రాశాడు.

ఫిబ్రవరిలో రాకెట్ పాఠం వచ్చింది. వెనక గాలి లేకపోతే రాకెట్ దేన్ని తోసి ముందుకి పోతుందని ఎవరో ఒకరు ప్రతి ఏడూ అడుగుతారు. 1920లో న్యూయార్క్ టైమ్స్ సంపాదకీయమే అమెరికా రాకెట్ శాస్త్రవేత్త గాడర్డ్‌ని ఈ మాట అని ఎత్తిపొడిచింది. 1969 జూలైలో అపోలో 11 చంద్రుడి దారిలో ఉండగా ఆ పొరపాటు ఒప్పుకుంది. ఈసారి జవాబు నేను చెప్పలేదు. వీడు లేచి, గిరిలో వాయువుని కూడా కలుపుకోవాలి, అది వెనక్కి పోతే ఇది ముందుకి పోద్ది, బయట ఏమీ ఉండక్కర్లేదు, నడిచిన పడవ లాగే అన్నాడు. నోరు విప్పని పిల్లాడు బోర్డు దగ్గరకి వచ్చి గిరి గీసి చూపించాడు.

నా వైపు రెండు మార్పులు చేసుకున్నాను. ఏ లెక్కకైనా సమీకరణం రాసేముందు గిరి బొమ్మ వేసి, లోపలి వాళ్ళ పేర్లు రాయకపోతే మార్కు ఇవ్వను. గిరి బయటి తోపులకి బాణాలు రెండో రంగు పెన్నుతో వేయాలి. మొదట్లో పిల్లలు విసుక్కున్నారు, ఇప్పుడు అలవాటైంది. పడవ లెక్కలో "పడవని కట్టలేదు, నీరు నిలకడగా ఉంది" అని కలిపాను. ఆ డిసెంబరు పేపర్లో సున్నా కొట్టేసి మార్కులు వేసి, క్లాసులో అందరి ముందూ వాడికి తిరిగి ఇచ్చాను. ఎందుకు వేశానో కూడా చెప్పాను.

ఇంకా కుదరనిది ఒకటుంది, రెండో లెక్క. అతుక్కుపోయే బండ్ల దగ్గర వీడు ఇప్పటికీ ఒక్కోసారి గతిజ శక్తిని సమానం చేసేస్తున్నాడు. తప్పని చెప్తే దిద్దుకుంటాడు, వారం తర్వాత మళ్ళీ అదే. 2 కిలోల బండి దగ్గర ముందు 9 జౌళ్ళ గతిజ శక్తి ఉంటే అతుక్కున్నాక 6 మాత్రమే ఎందుకు మిగిలాయో నోటితో చెప్పగలడు, చేతితో రాసేటప్పుడు మర్చిపోతాడు. పడవ వీడికి ద్రవ్యవేగాన్ని చూపించింది గానీ శక్తిని చూపించలేదు. దానికి వేరే వస్తువు కావాలి. 1720ల్లో డచ్ శాస్త్రవేత్త గ్రావెసాండె ఇత్తడి గుండ్లని మెత్తటి మట్టిలో వేసి, వేగం రెట్టింపయితే గుంట నాలుగింతలు లోతవుతుందని చూపించాడు. బంకమట్టి ఏటి గట్టున కావలసినంత ఉంది. వేసవి సెలవులకి ముందే చేయాలి. ఇత్తడి గుండ్ల కోసం వచ్చే వారం బరంపురం బజారులో చూడాలి.